నొరోయి: మునిగిన ఊరు, మిగిలిన టేపు

మొన్న శనివారం ఇంట్లో వాళ్ళంతా పెళ్ళికని ఊరెళ్ళారు. నాకు రిలీజ్ ఉందని వెళ్ళలేదు. సాయంత్రానికి ఆ రిలీజ్ కాస్తా వాయిదా పడింది. పిల్లాడు లేడు, కార్టూన్ల గోల లేదు, రిమోట్ నా చేతిలో ఉంది. ఇలాంటి అవకాశం వస్తే బుద్ధున్నవాడెవడైనా హాయిగా నిద్రపోతాడు. నేను మాత్రం లైట్లన్నీ ఆపేసి దెయ్యం సినిమా పెట్టుకున్నా. ఆ తర్వాత రెండు రోజులు హాల్లో లైటు వేసుకునే పడుకున్నాననుకోండి, అది వేరే సంగతి :)

సినిమా పేరు 'నొరోయి'. జపాన్ భాషలో శాపం అని అర్థం. 2005లో వచ్చింది. దర్శకుడు కోజి షిరైషి. 'రింగ్', 'జు-ఆన్' సినిమాలు తీసిన తకాషిగే ఇచిసే దీనికి నిర్మాత. కానీ ఆ సినిమాల్లోలాగా జుట్టు విరబోసుకున్న అమ్మాయి టీవీలోంచి బయటికి రాదు ఇందులో. మొత్తం ఒక డాక్యుమెంటరీలాగా ఉంటుంది. చేతి కెమెరా, మసక బొమ్మ, మధ్య మధ్యలో టీవీ షోల ముక్కలు. మొదటి అరగంట "ఇదేంటి, దూరదర్శన్‌లో వ్యవసాయ కార్యక్రమంలా ఉందే" అనిపించింది. ఓపిక పట్టాను. పట్టినందుకు ఫలితం దక్కింది.

ఇక్కడి నుంచి కథంతా చెప్పేస్తున్నా. చూడాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగి, చూసొచ్చి మిగతాది చదువుకోండి. దెయ్యం సినిమాలు చూడం అనేవాళ్ళు నిశ్చింతగా చదవొచ్చు. ఎందుకంటే నేను చెప్పబోయేది నిజానికి దెయ్యం గురించి కాదు.

మసఫుమి కొబయాషి అని ఒకాయన ఉంటాడు. వింత సంఘటనల మీద పరిశోధన చేసి పుస్తకాలు రాయడం, వీడియోలు తీయడం ఆయన వృత్తి. ఒక వీడియో పూర్తి చేసిన కొన్నాళ్ళకి ఆయన ఇల్లు కాలిపోతుంది. భార్య శవం దొరుకుతుంది, ఆయన మాత్రం కనపడకుండా పోతాడు. ఈ సంగతి సినిమా మొదట్లోనే చెప్పేస్తారు. ఆ తర్వాత మనం చూసేదంతా ఆయన చివరగా తీసిన వీడియోనే. అంటే సర్వర్ క్రాష్ అయిపోయిందని ముందే తెలుసు, మన చేతిలో ఉన్నది లాగ్ ఫైలు. పైనుంచి కిందకి చదువుకుంటూ, తప్పు ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలన్నమాట. మన జాతికి ఈ పని కొత్తేమీ కాదు కదా.

లాగ్ ఎలా మొదలవుతుందంటే, ఒకావిడ తన పక్కింట్లోంచి పసిపిల్లల ఏడుపు వినిపిస్తోందని చెబుతుంది. ఆ ఇంట్లో ఉండేది జుంకో ఇషీ అనే ఆవిడ, ఆమెతో ఒక చిన్న కుర్రాడు. పసిపిల్లలెవరూ లేరు. కొబయాషి వెళ్ళి తలుపు తడితే ఆవిడ తిట్టి పంపించేస్తుంది. ఇంకోచోట టీవీ షోలో కానా అనే చిన్నపిల్ల, మూత బిగించిన సీసాలోకి నీళ్ళు తెప్పిస్తుంది. మరికా మత్సుమోటో అనే నటి, ఈవిడ నిజంగానే నటి, తన సొంత పేరుతోనే నటించింది, నిద్రలో లేచి తీగలతో, దారాలతో ముడులు వేస్తూ ఉంటుంది. హోరి అని ఒకాయన ఒంటినిండా అల్యూమినియం రేకు చుట్టుకుని తిరుగుతూ, ఎవరికీ అర్థం కాని మాటలు అరుస్తుంటాడు. నిజానికి విషయం తెలిసినవాడు అతనొక్కడే. చెప్పడం చేతకాదు, అందుకే ఎవరూ వినరు. ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి సీనియర్ ఒకాయన ఉంటాడు, ఆయన మెయిళ్ళు ఎవరూ చదవరు, చివరికి ఆయన చెప్పిందే జరుగుతుంది.

ఈ ముక్కలన్నీ కలిపితే ఒక ఊరి దగ్గర తేలుతుంది కథ. షిమోకగే అనే ఊరు. ఊరి పేరు కల్పితమే. ఆ ఊళ్ళో కగుతబ అనే ఒక దుష్టశక్తి ఉందని, దాన్ని శాంతింపజేయడానికి ఏటా ఒక తంతు జరిపేవారని తెలుస్తుంది. 1978లో డ్యాము కట్టారు, ఊరు మునిగిపోయింది. ఊరు ఖాళీ చేసే ముందు చివరిసారి తంతు జరిపినప్పుడు ఎవరో దాన్ని ఫిల్మ్ తీశారు. స్థానిక చరిత్ర తెలిసిన ఒక పెద్దాయన దగ్గర ఆ ఫిల్మ్ దొరుకుతుంది. అందులో పూజారి, ముసుగు, చప్పట్లు, వంగి దండాలు, అన్నీ ఉంటాయి. చివర్లో మాత్రం ఒక ఘోరం జరుగుతుంది. పూజారి కూతురికి పూనకం లాంటిది వచ్చి, అరుస్తూ పడిపోతుంది. ఆ కూతురే తర్వాతి కాలంలో పక్కింటి జుంకో ఇషీ.

ఇప్పుడు మన పరిశోధకుడు ఏం చేస్తాడో చూడండి. మరికాకి శాపం తగిలింది, దాన్ని వదిలించాలి. తంతు తెలిసిన పూజారి లేడు, గుడి నీళ్ళ కింద ఉంది. చేతిలో ఉన్నది ఆ ఫిల్మ్ ఒక్కటే. పడవ వేసుకుని రిజర్వాయరు మధ్యకి వెళ్ళి, కింద గుడి ఉన్నచోట ఆగి, ఫిల్మ్‌లో చూసింది చూసినట్టు మరికాతో చేయిస్తాడు. చప్పట్లు, దండాలు, అన్నీ అదే వరసలో. మరికా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని, తేలిగ్గా ఉంది అంటుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆ తర్వాత జరిగే ఘోరాలు నేను రాయను. ఆ రాత్రి అడవిలో జరిగింది, కొన్నాళ్ళకి కొబయాషి ఇంట్లో జరిగింది చూస్తే, పడవలో చేసిన పనివల్ల ఏమీ తీరలేదని మాత్రం అర్థమవుతుంది.

సినిమా అయిపోయాక చీకట్లో కూర్చుని బుర్ర గోక్కున్నా. తంతు ఎందుకు పనిచేయలేదు? ఇంటర్నెట్‌లో వెతికితే దానిమీద రకరకాల సిద్ధాంతాలు కనిపించాయి. నాకు తోచింది మాత్రం చాలా మామూలు కారణం. వాళ్ళు చూసి నేర్చుకున్న ఫిల్మ్‌లో ఉన్నది సరిగ్గా జరిగిన తంతు కాదు, చెడిపోయిన తంతు. చివర్లో పూజారి కూతురు పడిపోవడం వాళ్ళు కళ్ళారా చూశారు. అయినా సరే, వేరే దిక్కు లేక, ఆ ఫెయిలైన రన్‌నే ప్రమాణంగా తీసుకుని, మక్కీకి మక్కీ కాపీ కొట్టారు. అందులో ఏ అడుగు అసలు తంతులోది, ఏ అడుగు ఆ రోజు ఏదో తేడా వచ్చి కలిపింది, ఏది ముఖ్యం, ఏది ఊరికే ఆచారం, చెప్పేవాడు ఒక్కడూ లేడు.

ఇది నాకు అంత త్వరగా ఎందుకు తట్టిందంటే, ఈ తప్పు నేను స్వయంగా చేశాను కాబట్టి.

కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టులో ఉండేవాడిని. క్లయింటు పేరు, కంపెనీ పేరు వద్దు. నెలాఖరున నడిచే ఒక పెద్ద బ్యాచ్ జాబ్ ఉండేది. దాన్ని పదేళ్ళుగా చూసుకుంటున్న ఒక సీనియర్ మానేసి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు రెండు వారాలు కేటీ ఇచ్చారు. మేం తెలివిగా ఆ సెషన్లన్నీ రికార్డు చేసుకున్నాం. ఆ వీడియోలో ఆయన నాలుగో అడుగు ముందు ఒక లాక్ ఫైలు డిలీట్ చేస్తారు. మేం డాక్యుమెంటులో రాసుకున్నాం, 'నాలుగో అడుగు: లాక్ ఫైలు డిలీట్ చేయవలెను'. ఏడాదిన్నర పాటు ప్రతి నెలాఖరుకీ భక్తిగా డిలీట్ చేశాం. ఒక నెల, అదే సమయానికి ఇంకో జాబ్ నిజంగానే నడుస్తోంది. మేం అలవాటుగా లాక్ తీసేశాం. రెండూ ఒకేసారి ఒకే టేబుల్ మీద పడ్డాయి. వేలకొద్దీ ఖాతాల్లో ఎంట్రీలు రెండేసిసార్లు పడ్డాయి. రెండు రాత్రులు ఇంటికి వెళ్ళలేదు.

మూడోరోజు ఆ సీనియర్‌కి ఫోన్ చేశా. ఆయన అంతా విని, "అయ్యో, అది ఆ ఒక్క రోజుకే బాబూ. ముందు రోజు జాబ్ మధ్యలో చచ్చిపోయింది, పాత లాక్ మిగిలిపోయింది, అందుకని తీశాను. మామూలుగా దాన్ని ముట్టుకోకూడదు" అన్నారు. "మరి వీడియోలో చెప్పలేదు కదండీ" అన్నా. "మీరు అడగలేదు కదా" అన్నారు.

నిజమే. ఆ వీడియో మళ్ళీ చూశా. గంటన్నర సెషన్‌లో మేం నలుగురం కలిసి అడిగిన ప్రశ్నలన్నీ ఒకటే రకం. "తర్వాత ఏంటండీ?" "ఆ కమాండ్ ఒకసారి మళ్ళీ చూపిస్తారా?" ఒక్కరంటే ఒక్కరం 'ఎందుకు' అని అడగలేదు. కొబయాషి పడవలో చేసింది, మేం సర్వర్ మీద చేసింది ఒకటే పని. ఆయనకి దెయ్యం పట్టింది, మాకు ఎస్కలేషన్ పట్టింది. అంతే తేడా.

ఇక్కడితో ఆపితే ఇది 'సినిమా నేర్పిన పాఠాలు' తరహా ఫార్వర్డు మెయిలు అయిపోతుంది. నన్ను రెండు రోజులు లైటు వేసుకుని పడుకునేలా చేసింది దెయ్యమూ కాదు, పాత ప్రాజెక్టూ కాదు. ఆ మునిగిన ఊరు.

మా అమ్మమ్మ వాళ్ళది ముంపు గ్రామం. ఏ ప్రాజెక్టు, ఏ ఏడు అన్నది ఇక్కడ అనవసరం. నేను పుట్టకముందే ఊరు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఊరివాళ్ళని మూడు కాలనీలకి పంచారు. నాకు తెలిసిన అమ్మమ్మ ఊరంటే వరసగా కట్టిన ఇళ్ళు, మధ్యలో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉండే ఆ కాలనీయే. ఆవిడకి మాత్రం 'ఊరు' అంటే ఎప్పుడూ అది కాదు. "ఊర్లో ఉన్నప్పుడు" అని మొదలుపెడితే నీళ్ళ కింది ఊరి గురించేనని మాకందరికీ తెలుసు.

ఆ ఊళ్ళో మూడేళ్ళకోసారి ఊరమ్మ జాతర జరిగేదట. కుమ్మరివాళ్ళు ఘటం చేయాలి. చాకలివాళ్ళు దివిటీ పట్టాలి. ఆసాది పాట పాడాలి. మా అమ్మమ్మ వాళ్ళింటి నుంచి మొదటి కుంభం రావాలి. చివర్న పొలిమేర చుట్టూ పొలి చల్లాలి. ఊరు ఖాళీ చేసినప్పుడు అమ్మవారి రాయిని ట్రాక్టరు మీద కాలనీకి తెచ్చారు. రాయి వచ్చింది. కానీ కుమ్మరివాళ్ళు ఒక కాలనీకి, ఆసాది కుటుంబం ఇంకో కాలనీకి, మావాళ్ళు మూడో కాలనీకి వెళ్ళారు. మన భాషలో చెప్పాలంటే అదొక డిస్ట్రిబ్యూటెడ్ సిస్టం. మొత్తం తంతు ఏ ఒక్కరి బుర్రలోనూ లేదు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంది, అందరూ ఒకచోట చేరినప్పుడే అది నడిచేది. ఏ ఒక్క నోడ్‌ని బ్యాకప్ తీసినా సిస్టం తిరిగి రాదు.

2009లో నేను ఆన్‌సైట్ నుంచి వస్తూ హ్యాండీక్యామ్ కొనుక్కొచ్చా. కొత్త బొమ్మ కదా, కనపడిన ప్రతిదీ తీసేవాడిని. అమ్మమ్మని అరుగు మీద కూర్చోబెట్టి జాతర గురించి చెప్పమన్నా. "ఏందిరా నాయనా, నన్ను ఆ డబ్బీలో పెడ్తావా?" అని నవ్వి, చెప్పడం మొదలుపెట్టింది. నలభై నిమిషాల టేపు. ఆవిడ 2013లో పోయింది. తర్వాత ఆ టేపుని సీడీలోకి, సీడీ నుంచి హార్డ్ డిస్క్‌లోకి, అక్కడి నుంచి క్లౌడ్‌లోకి ఎక్కించుకున్నా. మూడుచోట్ల బ్యాకప్ ఉంది. 'మా ఊరి చరిత్రని నేను కాపాడాను' అని లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

నొరోయి చూసిన రాత్రి నిద్ర పట్టక ఆ వీడియో పెట్టుకుని చూశా. పదిహేడో నిమిషంలో అమ్మమ్మ అంటుంది, "ఘటం ఎత్తుకున్నాక సీదా గుడికి పోగూడదు. ముందు కింది బాయి కాడికి పోవాల. ఆడ ఆగాల. ఎందుకంటే ఆ ఏడు..."

వెంటనే వీడియోలో నా గొంతు వినిపిస్తుంది. "ఆగు ఆగు అమ్మమ్మా, ముందు వరస చెప్పు. కారణాలు తర్వాత చెబుదువు."

ఆవిడ బుద్ధిగా తలూపి, వరస చెప్పింది. కారణాలు తర్వాత చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ ఏడు ఏమైంది? బావిలో ఎవరైనా పడ్డారా? కరువొచ్చి ఆ ఒక్క బావే ఊరిని బతికించిందా? కలరా వచ్చిందా? జాతర పేరు చెప్పి మూడేళ్ళకోసారి ఆ బావి పూడిక తీయించే ఏర్పాటా? నాకు తెలీదు. మా అమ్మకి తెలీదు, మామయ్యలకి తెలీదు. బావి నీళ్ళ కింద ఉంది. ఇప్పుడు కాలనీలో జాతర చేసినప్పుడు, మా మామయ్య ఫోన్‌లో నా వీడియో చూసుకుంటూ, ఘటాన్ని ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర ఆపిస్తున్నాడు. బావి లేదు కదా మరి, నీళ్ళున్నది అక్కడే. అందరూ అక్కడ ఆగి, దండం పెట్టి, ముందుకి పోతున్నారు. ఎందుకు ఆగుతున్నారో ఎవరికీ తెలీదు. తెలీకపోవడానికి కారణం నేనే.

సినిమాలో చిన్న విషయం ఒకటుంది, చాలామంది గమనించకపోవచ్చు. ఆ ఊరి జనం మునక తర్వాత స్థిరపడిన చోట, ఇళ్ళ గుమ్మాలకి కొడవళ్ళు వేలాడుతుంటాయి, ఇంటింటా కుక్కలుంటాయి. మొత్తం తంతు పోయింది, ఈ రెండు ముక్కలు మాత్రం మిగిలాయి. దాన్ని చూసి మొదట భయపడ్డా. ఇప్పుడు తలుచుకుంటే మా కాలనీ ట్యాంకు గుర్తొచ్చి గొంతు పట్టేస్తోంది.

మునిగిన ఊళ్ళు మనకేమైనా తక్కువా? నాగార్జునసాగర్ కింద మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగింది. 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికిన కట్టడాల్లో ముఖ్యమైనవాటిని కొండమీదకీ, అనుపుకీ తరలించి తిరిగి కట్టారు. ఆ కొండే ఇప్పుడు మనం లాంచీలో వెళ్ళే ద్వీపం. శ్రీశైలం రిజర్వాయరు ముంపులోకి వచ్చిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. సప్తనదీ సంగమం దగ్గరి సంగమేశ్వరం గుడి అక్కడే ఉండిపోయింది, నీళ్ళు తగ్గినప్పుడు బయటపడుతుంది, పెరిగితే మళ్ళీ మునుగుతుంది. రాళ్ళని తరలించడం మనవాళ్ళకి బాగానే చేతనైంది, అందుకు నిజంగా దండం పెట్టాలి. రాళ్ళకి నంబర్లు వేయొచ్చు. బావి దగ్గర ఎందుకు ఆగాలన్నదానికి ఏ నంబరు వేస్తాం?

జపాన్‌లో నిజంగా మునిగిన ఊరి సంగతి ఒకటి చెబుతా. గిఫు ప్రాంతంలో టోకుయామా అనే పల్లె. డ్యాము ప్రతిపాదన చాలా ఏళ్ళు నలిగి, 1987లో ఆ పల్లెని పాలనాపరంగా రద్దు చేశారు. డ్యాము 2008లో పూర్తయింది. ఆ ఊళ్ళో తజుకో మసుయామా అని ఒక పెద్దావిడ ఉండేది. 1917లో పుట్టింది. భర్త రెండో ప్రపంచయుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు, ఆచూకీ తెలియలేదు. ఊరు మునుగుతుందని తెలిశాక, 1977లో, అరవయ్యేళ్ళ వయసులో, ఒక మామూలు కొనికా కెమెరా పట్టుకుని ఊరిని ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. ఎప్పటికైనా భర్త తిరిగొస్తే, ఊరు ఏమైందో చూపించాలి కదా అని. 2006లో పోయేనాటికి దాదాపు లక్ష ఫోటోలు తీసింది. జనం ఆమెని కెమెరా బామ్మ అని పిలిచేవారు.

కొబయాషి కెమెరాని, ఈ బామ్మ కెమెరాని పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన బయటివాడు, ఊరు మునిగిన పాతికేళ్ళకి వచ్చాడు, వరస కోసం వచ్చాడు. ఆవిడ ఊరిమనిషి, మునగకముందే మొదలుపెట్టింది. ఫోటోలో ఉన్నది ఎవరో, వాళ్ళ పెరట్లో చెట్టు ఎవరు నాటారో ఆవిడకి తెలుసు. ఆయన పోగుచేసింది సాక్ష్యం. ఆవిడ పోగుచేసింది ఎవరికో అప్పజెప్పడానికి. నేనేమో అమ్మమ్మ మనవడినై ఉండీ, కొబయాషిలాగా తీశాను.

"జాతరలు పోతే పోనీ, మేకల్ని కోసే మూఢాచారాలే కదా" అని మీలో కొందరు అంటారని తెలుసు. మా టీమ్‌లో ఒకతను సరిగ్గా ఇదే అన్నాడు. నాకూ దేవుడి మీద, దెయ్యం మీద గట్టి నమ్మకాలేం లేవు. మేకల్ని కోయడం ఆగితే ఏడ్చేవాడినీ కాదు. కానీ ఒక ఫీచరు ఎందుకుందో తెలుసుకుని, ఇక అక్కర్లేదని నలుగురూ కూర్చుని తీసేయడం వేరు. సర్వరే నీళ్ళలో మునిగిపోవడం వేరు. మొదటిది నిర్ణయం, రెండోది నష్టం. మనం రెండోదాన్ని చూసి మొదటిది అని సర్దిచెప్పుకుంటున్నాం.

డ్యాములే వద్దనే వాదన కూడా కాదు నాది. ఆ నీళ్ళ కరెంటుతోనే నేను హాస్టల్లో చదువుకున్నా, ఆ నీళ్ళే తాగుతున్నా. నేను మాట్లాడుతున్నది ఖాళీ చేయించే ముందు జరగాల్సిన కేటీ గురించి. పోలవరం ముంపు లెక్కల్లో లక్షకి పైగా కుటుంబాలున్నాయి. అందులో కోయలు, కొండరెడ్లు ఎక్కువ. ఇంటికింత, ఎకరాకింత, చెట్టుకింత అని పరిహారం లెక్క ఉంటుంది. అది సరిగ్గా అందిందా లేదా అన్నదే పెద్ద పోరాటం, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ భూమి పండుగ రోజు ఏ చెట్టు కింద మొదట ఆగాలో, ఎందుకు ఆగాలో తెలిసిన పెద్దమనుషులు ఆ ఊళ్ళ నుంచి కాలనీలకి వచ్చేస్తున్నారు. చెట్టు వాళ్ళతో రాదు. వాళ్ళు ఉన్నంతకాలమే ఆ 'ఎందుకు' ఉంటుంది. మనలో అటువైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఇప్పుడు ఐటీలో చాలామందే ఉన్నారు. ఈ ముక్క ముఖ్యంగా వాళ్ళ కోసం రాస్తున్నా. బయటి నుంచి ఎవరో పరిశోధకుడు వచ్చి తీసేదాకా ఆగొద్దు. ఆయన వచ్చేసరికి పడవ కావాల్సి వస్తుంది.

ఇక సినిమా విషయానికొస్తే, లోపాలు లేకపోలేదు. రెండు గంటలకి దగ్గరగా ఉంది, ఓ ఇరవై నిమిషాలు కత్తిరించొచ్చు. పాత్రలు ఎక్కువై మధ్యలో ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవడానికి కాగితం కావాలి. అంతసేపు ఏమీ చూపించకుండా భయపెట్టినవాళ్ళు, చివర్లో గ్రాఫిక్స్‌తో చూపించడానికి ప్రయత్నించి కాస్త చౌకబారు చేశారు. అయినా నేను చూసిన దెయ్యం సినిమాల్లో, పాత దెయ్యానికి కారణం 'ఎవరో ఎవరినో చంపారు' అని కాకుండా, 'ఒక పనిని ఎందుకు చేసేవారో చెప్పేవాళ్ళు లేకుండా పోయారు' అని చూపించింది ఇదొక్కటే. కొబయాషి మాయమవడం సినిమాలో రెండో మాయం. మొదటి మాయం 1978లోనే అయిపోయింది. దానిమీద ఎవరూ టికెట్ రెయిజ్ చేయలేదు, అంతే.

ఆదివారం పొద్దున్నే లేచి మామయ్యకి ఫోన్ చేశా. ఆసాది కుటుంబంలో ఎవరైనా ఉన్నారా అని అడిగితే, ఒక పెద్దాయన ఉన్నాడు, ఎనభై దాటాయి, వేరే కాలనీలో కొడుకు దగ్గర ఉంటున్నాడు అన్నాడు. నంబరు తీసుకుని చేశా. ముందు నేనెవరో అర్థం కాలేదు. అమ్మమ్మ పేరు చెప్పగానే గొంతు మారిపోయింది. "మీ అవ్వ కుంభం ఎత్తేది" అన్నాడు. నేను ఇంక ఆగలేక, "తాతా, ఘటం కింది బావి దగ్గర ఎందుకు ఆగేది?" అని అడిగేశా.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది ఫోన్లో చెప్పేది కాదు నాయనా. రా, కూచోని చెప్తా" అన్నాడు.

వచ్చే శనివారానికి బస్సు టికెట్ తీసుకున్నా. ఈసారి ఫోన్ కెమెరాని ఆయన మనవడి చేతికే ఇస్తాను, వాడు తాతని వాడి ప్రశ్నలు అడుగుతాడు. నేను పక్కన కూర్చుని, ఆయన 'ఎందుకంటే' అన్నప్పుడు నోరు మూసుకుని వింటా. మీకూ ఇలాంటి అమ్మమ్మో, తాతో ఉంటే ఈ వారాంతం సినిమా తర్వాత చూడొచ్చు, ముందు ఒక ఫోన్ చేయండి.